టికెట్టు లేని బస్సు సరే... సాయంత్రం బండి సంగతేమిటి?

మొన్న ఆదివారం మధ్యాహ్నం చేటలో కందిపప్పు పోసుకుని ఏరుతూ కూర్చున్నాను. మా అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది లెండి. డిగ్రీ కోఠి ఉమెన్స్ కాలేజీలోనే చదవాలని దాని పట్టుదల. ఇప్పుడది కాలేజీ కాదు, చాకలి ఐలమ్మ పేరు మీద విశ్వవిద్యాలయం అయిపోయింది. అయినా మా ఇంట్లో అందరికీ అది కోఠి ఉమెన్స్ కాలేజీయే.

"దోస్త్‌లో మొదటి ఆప్షన్ అదే పెడతానమ్మా. హాస్టలేం వద్దు. రోజూ వెళ్ళొస్తా" అంది.

రోజూ వెళ్ళొస్తా! ఆ ఒక్క ముక్కకి నా చేతిలో చేట ఆగిపోయింది. ఎందుకంటారా? 2004లో నేను మా నాన్నతో అన్న మాట కూడా అదే. కాలేజీ అదే, ఊరు అదే, భువనగిరి. నాన్న వెంటనే కాదనలేదు. నన్ను వెంటబెట్టుకుని పొద్దున్నే పాసింజరు బండిలో సికింద్రాబాద్, అక్కణ్నుంచి సిటీ బస్సులో కోఠి తీసుకెళ్ళారు. ఆ పాత రెసిడెన్సీ భవనం, ఆకాశమంత స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ కూర్చున్న సింహాలు చూసి నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నాన్న మాత్రం చేతి గడియారం చూసుకుంటూ ఉన్నారు. తిరిగి మా ఊళ్ళో దిగేసరికి బాగా చీకటి పడింది. స్టేషన్ బయట ఒక్క రిక్షా లేదు. ఇంటికి నడుస్తూ దారిలో ఆయన అన్నది ఇంతే: "పొద్దున పోవుడు కష్టం కాదు బిడ్డా. పొద్దుగూకినంక వచ్చుడే..."

నేను మా ఊళ్ళోనే డిగ్రీ చదివాను. బాగానే చదివాను. నాన్న మీద నాకు కోపం లేదు. ఆయన ఆడపిల్ల చదువుకు అడ్డుపడిన మనిషి కాదు, సాయంత్రం బండికి భయపడిన మనిషి. కానీ ఇరవై ఏళ్ళు గడిచాక అదే వాక్యం నా నోటి చివరిదాకా వచ్చి ఆగింది చూడండీ, అప్పుడు మాత్రం గుండె కలుక్కుమంది.

మా అమ్మాయి ఊరుకునే రకమా? "ఇప్పుడు బస్సు ఫ్రీ కదమ్మా!" అంది.

నిజమే. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. దీన్ని వెక్కిరించే మగవాళ్ళ మాటలు చాలా విన్నాను, వాళ్ళతో నేను ఏకీభవించను. పుట్టింటికి వెళ్ళడానికి మొగుడి జేబు వంక చూడక్కర్లేని రోజు ఎంత గొప్పదో అది లేనివాళ్ళకే తెలుస్తుంది. మా అత్తమ్మ తన అరవై ఎనిమిదో ఏట మొదటిసారి ఒంటరిగా వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని!

అయితే బస్సు మనకు మిగిల్చింది డబ్బు. కాలాన్ని మిగల్చలేదు. ఆ తేడా మన ఆడవాళ్ళమే చెప్పాలి, ఎందుకంటే డబ్బు లెక్క ఇంటిల్లిపాదికీ తెలుసు గానీ కాలం లెక్క మనకొక్కరికే తెలుసు.

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. పేరెందుకు గానీ, చురుకైన పిల్ల. నగరంలో ఒక బట్టల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చేరింది. పదింటికల్లా అక్కడ ఉండాలి. మా ఊరి నుంచి వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దాకా బస్సు బాగానే ఉరుకుతుంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కథ. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా పై వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ళూ పూళ్ళూ సాగాయి. ఆ కింద ఇరుక్కున్న బస్సులో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది ఓర్పు అంటే ఏమిటో. ఒకరోజు గంటన్నర, ఒకరోజు రెండున్నర గంటలు. మూడు లేట్ మార్కులు పడితే సగం రోజు జీతం కోత. పాపం, లేటు కాకూడదని ఆరింటికే బయల్దేరడం మొదలుపెట్టింది. రాత్రి తొమ్మిది దాటాక వాళ్ళమ్మ బస్టాండులో చెంగు కప్పుకుని నిలబడేది. ఎనిమిది నెలలు చేసి మానేసింది. టికెట్టుకు రూపాయి ఖర్చు కాలేదు. ఉద్యోగమే ఖర్చయిపోయింది.

ఈ మాట చెబితే మా వారు, "ఫ్రీ బస్సుండగా రైలుకు డబ్బులు పెట్టేదెవరే?" అన్నారు. ఆయన రోజు ఏడింటికి పేపరుతో మొదలవుతుంది కనుక అలా అనగలిగారు! ఎంఎంటీఎస్ టికెట్టు అయిదు రూపాయల నుంచి మొదలు. నెల పాసు తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. రోజుకు గంటన్నర చేతికొస్తుందంటే ఆ మాత్రం పెట్టని ఆడది ఎవరో నాకు చూపించండి. మగవాడు గంట ఆలస్యంగా ఇల్లు చేరితే అది అతని ఒక్కడి గంట. మహా అయితే టీ చల్లారుతుంది. ఆడది గంట ఆలస్యంగా చేరితే సింకులో గిన్నెలు, పిల్లాడి హోంవర్కు, అత్తగారి బీపీ మాత్ర, రేపటి ఇడ్లీ పిండి అన్నీ గంట ఆలస్యమవుతాయి. ఆ గంటను తన నిద్రలోంచి కోసి ఇస్తుంది. అది ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు.

నాలుగేళ్ళ కిందట మా పెద్ద వదిన వాళ్ళింటికి కల్యాణ్ వెళ్ళాను. వాళ్ళ మామగారి తరంలోనే భీవండికి నేత పనికి వలస వెళ్ళిన కుటుంబం. వదిన ముంబైలో ఉద్యోగం చేస్తుంది. కల్యాణ్ నుంచి ముంబై సీఎస్‌ఎంటీ యాభై కిలోమీటర్ల పైచిలుకు. మా భువనగిరి నుంచి సికింద్రాబాద్‌కు అంత కూడా లేదు, యాభై లోపే! అయినా వదిన రోజూ వెళ్ళొస్తుంది, ఇరవై రెండేళ్ళుగా. నాకు అన్నిటికంటే వింతగా తోచింది అక్కడివాళ్ళు బండిని పిలిచే తీరు. పేరు కాదు, నెంబరు కాదు, దాని టైమే దాని పేరు. "నేను ఏడూ నలభై మూడు పట్టుకుంటా, నువ్వు తర్వాతిది పట్టుకో" అంటారు. మా స్టేషన్లో మేం అడిగేది "బండి వచ్చిందా? పోయిందా?" అని.

ఒకరోజు వదినతో పాటు లేడీస్ పెట్టెలో వెళ్ళాను. ఒకావిడ ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పరుచుకుని బీన్సు తుంచుతోంది. ఇంకొకావిడ కళ్ళు మూసుకుని స్తోత్రం చదువుకుంటోంది. కాలేజీ పిల్ల ఒకతి నిలబడే నోట్సు తిరగేస్తోంది. చెవి రింగులమ్మే అమ్మాయి వస్తే పెట్టెలో సగం మంది ఆమె చుట్టూ మూగారు. ఆ రైల్లో ఆడవాళ్ళు ప్రయాణం చేస్తున్నట్టు లేదు, తమకంటూ దొరికిన కాస్త సమయాన్ని వాడుకుంటున్నట్టుంది. మొత్తం ఆడవాళ్ళకే కేటాయించిన లోకల్ రైలు అక్కడ 1992 మే 5న చర్చిగేట్–బోరివలి మధ్య మొదలైందట. నేనప్పుడు అక్షరాలు దిద్దుకుంటున్నాను.

అలాగని ముంబై లోకల్ స్వర్గమని నేననను. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర కిక్కిరిసిన రైళ్ళ నుంచి జారిపడి ప్రయాణికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త చూసి వదినకు ఫోన్ చేస్తే, "ఇక్కడ రైలు కన్నా జనం ముందొచ్చేసారే" అంది. జనం వచ్చి పడ్డాక రైళ్ళు పెంచడం ఎంత కష్టమో వాళ్ళను చూస్తే తెలుస్తుంది. మా వైపు జనం ఇప్పుడిప్పుడే వస్తున్నారు. ఇదే సమయం కదా?

మా వైపు అంటే హైదరాబాదుకు తూర్పు. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఆఫీసులున్నాయి. 2022లో యాదగిరిగుట్ట ఆలయం పునర్నిర్మాణమై తెరుచుకున్నాక భక్తుల రద్దీ చెప్పనక్కర్లేదు. రోడ్డుకు అటూ ఇటూ వెంచర్లు, వాటి బోర్డుల మీద నవ్వుతున్న భార్యాభర్తలు, వాళ్ళ వెనక పరిగెడుతున్న రైలు బొమ్మ! ఆ బొమ్మ చూపించి గజాల ధర పెంచి అమ్ముకున్నారు గానీ రైలు మాత్రం బొమ్మలోనే ఉంది. ఘట్‌కేసర్ నుంచి రాయగిరి దాకా ఎంఎంటీఎస్‌ను 33 కిలోమీటర్లు పొడిగిస్తారన్న మాట 2016 నుంచి వింటున్నాం. అప్పుడు మా అమ్మాయి మూడో తరగతి.

హైదరాబాదులో ఎంఎంటీఎస్ మొదలైంది 2003 ఆగస్టులో. అంటే నాన్న నన్ను కోఠి తీసుకెళ్ళేనాటికే సికింద్రాబాద్–లింగంపల్లి అమ్మాయిలకు ఆ రైలుంది. రెండో దశ 2012–13లో మంజూరైంది. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది అన్నారు. ఆ తర్వాత మీరివ్వలేదంటే మీరు చేయలేదన్న వాదనల్లో పదేళ్ళు గడిచాయి. ఎవరిది ఎంత తప్పో తేల్చడం నా పని కాదు. ఇద్దరన్నదమ్ములు పంపకాల్లో పడితే మధ్యలో ఆకలితో ఉండేది ముసలమ్మే కదా! మొత్తానికి 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు బండ్లు కదిలాయి. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి వెళ్ళే రైలు మొదలైంది. దారిలో నేరేడ్‌మెట్, అమ్ముగూడ, సుచిత్ర సెంటర్ లాంటి చోట్ల కొత్త స్టేషన్లు కట్టారు. 2025 జనవరిలో చర్లపల్లి పెద్ద టెర్మినల్ అయింది. పట్టాలున్నాయి, ప్లాట్‌ఫారాలున్నాయి, తళతళలాడే బోర్డులున్నాయి.

బండ్లే తక్కువ. ఘట్‌కేసర్ నుంచి రోజుకు ఎన్ని ఎంఎంటీఎస్‌లంటే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది కుళాయి బిగించి వారానికోసారి నీళ్ళు వదిలినట్టు. ఆ కుళాయిని నమ్ముకుని ఏ ఇల్లాలైనా బిందెలు తీసి అటక మీద పెడుతుందా? రైలూ అంతే. అరగంటకొకటి ఉంటే దాన్ని నమ్మి ఉద్యోగం ఒప్పుకుంటాం, కాలేజీలో చేరతాం. పూటకొకటి ఉంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే ఎక్కరు. ఎక్కకపోతే "జనం లేరు, బండి దండగ" అంటారు. ఈ మాట అనే పెద్దలు ఒక్క నెల అరగంటకొక బండి నడిపి చూసి అప్పుడు అనాలి.

దీనికి ఒక కారణం ఉంది. పట్టాలను దూరం పోయే రైళ్ళతో పంచుకోవాలి. సికింద్రాబాద్–కాజీపేట దారి అంటే మాటలు కాదు. ఢిల్లీ వైపు, విజయవాడ వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు అన్నీ దాని మీదే. వాటి మధ్య ప్రతి స్టేషన్లో ఆగుతూ పోయే చిన్న బండిని నడపడమంటే లారీలు పోయే ఇరుకు సందులో స్కూలు పిల్లల రిక్షా తొక్కడమే. లారీ వస్తే రిక్షాయే పక్కకు తప్పుకోవాలి. అందుకే మౌలాలి–ఘట్‌కేసర్ మధ్య అదనపు లైన్లు వేశారు. ఘట్‌కేసర్ దాటాక కూడా వేరే లైను కావాలనేది అందుకే. లైను వేయకుండా ఉన్న పట్టాల మీదే రెండు బండ్లు పొడిగించి "రాయగిరికి ఎంఎంటీఎస్ వచ్చేసింది" అని జెండా ఊపితే మాకు ఒరిగేదేమీ లేదు.

ఇంకో సంగతి. టైంటేబుల్ వేసేవాళ్ళు పొద్దున ఆఫీసుకు వెళ్ళే మనిషిని, సాయంత్రం తిరిగొచ్చే మనిషిని మాత్రమే తలుచుకుంటారు. అందులో తప్పు లేదు గానీ ఆడవాళ్ళ ప్రయాణాలు అలా ఉండవు. పిల్లల్ని బడికి పంపి పదకొండింటికి ఎయిమ్స్‌లో అమ్మను చూపించుకుని మూడింటికల్లా ఇల్లు చేరాలి. మధ్యాహ్నం షాపింగు, చీటీ డబ్బులు కట్టడం, బాలింతరాలైన చెల్లెల్ని చూసి రావడం, ఇవన్నీ పదకొండుకూ నాలుగుకూ మధ్యే. మా మార్కెట్‌కు ఆకుకూరలు తెచ్చే ఒక అవ్వ నాతో అంది, "బస్సుల గంప పెట్టుకుంటే లొల్లి చేస్తరు బిడ్డా, రైల్ల అయితే తలుపు కాడ పెట్టుకుని కూసుంట" అని. ఫ్రీ బస్సులో నిలబడే చోటు లేనప్పుడు గంపకు చోటెక్కడిది? మధ్యాహ్నం ఖాళీగా తిరుగుతుందని మీరనుకునే బండి ఆ అవ్వకు దుకాణం.

ఇక చీకటి సంగతి. చివరి బండి ఎన్నింటికి ఉందన్నదాని కన్నా, దిగాక ఏముందన్నదే ఆడవాళ్ళకు ముఖ్యం. లేడీస్ పెట్టెలో నలుగురే ఉంటే ఆ నలుగురూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. బండ్లు ఎక్కువైతే జనం ఎక్కువవుతారు, జనమే సగం కాపలా. మిగతా సగానికి ఒక మహిళా కానిస్టేబులు, ప్లాట్‌ఫారం చివరిదాకా లైట్లు, తాళం వేయని మరుగుదొడ్డి (ఎంఎంటీఎస్ పెట్టెల్లో మరుగుదొడ్లుండవు, మరిచిపోకండి), స్టేషన్ బయట రైలు టైముకు వచ్చి నిలబడే బస్సు. కొత్త టెర్మినల్ ఎంత అందంగా ఉంటేనేం, అర్ధరాత్రి పిల్లలతో, పెట్టెలతో దిగినామె ఆటోవాడి దయ మీద ఆధారపడాల్సి వస్తే! లక్షల గజాల సిమెంటు ముందు ఇవి చిల్లర ఖర్చులు.

నా సొంత గోడు కూడా ఒకటి చెప్పుకోనివ్వండి. నేను కథలు రాస్తాను. ఏడాదికి నాలుగైదుసార్లు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభలకు వెళ్తుంటాను. పదేళ్ళుగా వెళ్తున్నా ఒక్క సభ ముగింపు కూడా నేను వినలేదు. అధ్యక్షుల వారి తొలిపలుకులు గంటసేపు వింటాను. అసలు విషయం మొదలయ్యేసరికి నా బండి టైము. మన సభల్లో రచయిత్రులకు మైకు వచ్చేది ఎప్పుడూ చివర్లోనే కదా! ఒకసారి నా కథ మీదే చర్చ పెట్టారు, అది కూడా చివరి అంశం. నేను చెప్పుల కోసం వెతుక్కుంటూ బయటికొస్తుంటే లోపల నా పేరు వినపడింది. వెనక్కి తిరగలేదు. ఆ రోజు నా కథ గురించి ఏమన్నారో నాకిప్పటికీ తెలియదు.

రాయగిరి నుంచి నమ్మకంగా రైలుంటే మా అమ్మాయి సికింద్రాబాద్‌లో మారి, ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ ఎక్కి కాచిగూడలో దిగితే కోఠి కూతవేటు దూరం. దారి అంతా ఉంది. మధ్యలో ఒక ముక్క లేదు, అంతే. ఆ ముక్క కోసం ఎక్కడో ఎవరో సంతకం పెట్టేదాకా మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు ఆగవు కదా! ఈలోపు మా ఇంట్లో హాస్టల్ ఫీజుల లెక్క, అద్దె గది లెక్క, ఊళ్ళో కాలేజీ లెక్క రోజుకోసారి నడుస్తున్నాయి. "ఊళ్ళోనే చదివితే ఏం పోయింది, నువ్వు చదవలేదా?" అని మా వారు. ఆ ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం నాన్న వచ్చారు. డెబ్భై నాలుగేళ్ళు ఆయనకు. మనవరాలు కాలేజీ సంగతి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సింహాలు ఇంకా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయని ఫోన్‌లో బొమ్మ చూపించింది. చత్వారం కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తర్వాత నా వైపు తిరిగి అడిగారు.

"సాయంత్రం బండి ఎన్నింటికి ఉన్నది?"

నేను ఫోన్‌లో టైంటేబుల్ తీసి ఘట్‌కేసర్ దాకా వచ్చే బండి టైము చెప్పాను.

"ఆణ్నుంచి ఎట్లొస్తది?" అన్నారు నాన్న.